బస్తాల కౌలు, రూపాయల కౌలు

మండపేట దగ్గర ఒక హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి, కిందటేడు 62 నిండి రిటైరైన మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి రాస్తున్నాను. "రిటైర్మెంట్ డబ్బులు 38 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేశాను. పెన్షన్ వస్తోంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఏదో వీడియో చూసి, మన ప్రభుత్వ బాండ్లను ఇప్పుడు విదేశీయులు కొంటున్నారు, వాళ్లు ఒక్కసారిగా అమ్మేసి పోతే రూపాయి కుప్పకూలుతుంది, మీ డిపాజిట్ చిత్తు కాగితమైపోతుంది అంటున్నాడు. మా బావమరిది దానికి పూర్తిగా రివర్సు. జపాన్‌లోలాగా ధరలు పడిపోతాయి, చేతిలో డబ్బున్నవాడిదే రాజ్యం అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? మొత్తం తీసేసి బంగారమో, రావులపాలెం దగ్గర స్థలమో కొనేయమంటారా?"

మాస్టారూ, ఆ స్థలానికి ఇంకా బయానా ఇవ్వలేదనుకుంటాను. ఇవ్వకపోతే కొన్నాళ్లు ఆగండి. నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 ఏళ్లు చేశాను. అందులో కొన్నేళ్లు ముంబైలో ట్రెజరీ విభాగంలో, అంటే ఈ బాండ్లు (ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రాలు) కొనడం అమ్మడమే పనిగా ఉన్న చోట. ఇప్పుడు పాలకొల్లు దగ్గర సొంతూళ్లో ఉంటున్నాను. మీ అబ్బాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ భయపడాల్సిన చోటు అది కాదు. నా మటుకు నాకు ఈ విషయం ముంబైలో కంటే మా చేలగట్టు మీదే బాగా అర్థమైంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన వైపు చేను కౌలుకిచ్చేటప్పుడు మాట రెండు రకాలుగా కుదురుతుంది. ఎకరానికి ఇన్ని బస్తాలు అని ఒకటి, ఎకరానికి ఇంత డబ్బు అని ఇంకొకటి. బస్తాల్లో కుదిరితే ధాన్యం ధర పెరిగినా తగ్గినా భూమి గలాయనకు బెంగ లేదు. రావలసిన బస్తాలు ఇంటికొస్తాయి. ఇబ్బందంతా కౌలు రైతుది. దాళ్వాకు, అంటే రెండో పంటకు నీళ్లందకపోయినా, కోతల ముందు తుఫాను కొట్టి చేను పడిపోయినా బస్తాలు కొలవాల్సిందే. పండకపోతే బయట కొనైనా కొలవాలి. డబ్బు కౌలైతే బెంగ అటు నుంచి ఇటు మారుతుంది. పదేళ్ల కిందట కుదిరిన రేటే ఇంకా నడుస్తోందనుకోండి, కౌలు రైతు టంచనుగా కట్టేస్తాడు. భూమి గలాయనే, ఆ డబ్బుతో అప్పట్లో వచ్చినన్ని బియ్యం ఇప్పుడు రావట్లేదని గొణుక్కుంటాడు.

ప్రభుత్వాల అప్పూ ఇంతే. సొంత కరెన్సీలో చేసిన అప్పు డబ్బు కౌలు. డాలర్లలో చేసిన అప్పు బస్తాల కౌలు, ఎందుకంటే నాసిక్ ప్రెస్సులో డాలర్లు అచ్చవవు. అప్పిచ్చినవాడు ముంబైలో ఉన్నాడా లండన్‌లో ఉన్నాడా అన్నది తర్వాతి సంగతి. నోటు మీద ఏ డబ్బు రాసుకున్నారన్నది ముందు చూడాలి. వీడియోల వాళ్లు ఈ రెండింటినీ కలిపేసి భయపెడతారు.

శ్రీలంక రాసుకున్నది బస్తాల కౌలు. డాలర్ బాండ్లు విదేశీయులకు అమ్మింది. టూరిస్టులు ఆగిపోయి, డాలర్లు అడుగంటి, 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇక కట్టలేమని ప్రకటించింది. అదే సెప్టెంబరుకు అక్కడ ధరలు అంతకు ముందు ఏడాది కంటే 70 శాతం పెరిగాయి. బ్యాంకులో డబ్బు దాచుకున్నవాడికి అంకె తగ్గలేదు, ఆ అంకెతో వచ్చే సరుకు తగ్గిపోయింది. ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. 2023లో అక్కడి ప్రభుత్వం దేశంలోని అప్పును కూడా సర్దుబాటు చేసినప్పుడు బ్యాంకులను వదిలేసి, ఆ భారం ప్రావిడెంట్ ఫండ్ల మీద వేసింది. జీతగాళ్ల పీఎఫ్ డబ్బు ఎక్కడికీ పారిపోలేదు కదా, దొరికినవాళ్ల మీద పడింది.

మన దేశానికీ ఈ బాధ కొత్తది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్లోనే రైల్వే కంపెనీల్లో డబ్బు పెట్టిన ఇంగ్లండ్ వాటాదారులకు 5 శాతం గ్యారంటీ ఇచ్చి మరీ ఇక్కడ రైళ్లు వేయించారు. కాటన్ దొర కాలవలు తవ్వించండి, రైళ్లకంటే అవి లాభం అని వాదిస్తూనే ఉన్నాడు. ఆ గ్యారంటీ పౌండ్లలో, అంటే బంగారం లెక్కలో. మన రూపాయి వెండిది. 1870ల మొదట్లో రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చేవి. వెండి ధర పడుతూ పడుతూ 1890ల మధ్యకు ఒక షిల్లింగు మీద ఒకటి రెండు పెన్నీలకు దిగింది. ఇక్కడి రైతు అదే పంట పండించి, అదే శిస్తు కడుతున్నా, లండన్‌కు పంపాల్సిన పౌండ్లకు దాదాపు రెట్టింపు రూపాయలు కావలసి వచ్చాయి.

1991లో మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యేనాటికి ఉన్నదీ డాలర్ల కరువే. రూపాయల అప్పుతో వచ్చిన తంటా కాదు. ఆ జూలైలో 47 టన్నుల బంగారం విదేశానికి తాకట్టుకు పోయింది. ఇప్పటికీ ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని ఇంట్లో మంగళసూత్రం కుదువపెట్టినట్టే చెప్పుకుంటారు.

ఇప్పుడు మన కేంద్ర ప్రభుత్వం అప్పు చూద్దాం. ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల నుంచి తీసుకున్న విదేశీ అప్పు మొత్తంలో నూటికి అయిదారు రూపాయలు మించదు. మిగతాదంతా రూపాయల్లో రాసుకున్నదే. డాలర్ బాండ్లు అమ్ముదామని 2019 జూలై బడ్జెట్‌లో ఒక మాట వచ్చింది. నాలుగు వైపుల నుంచీ వద్దన్నారు, పక్కన పెట్టేశారు. మంచి పని చేశారని నా అభిప్రాయం.

మరి మీ అబ్బాయి చెప్పే విదేశీయులు ఎవరంటే, రూపాయి బాండ్లనే ఇక్కడికొచ్చి కొనేవాళ్లు. 2020లో కొన్ని బాండ్లకు వాళ్ల కొనుగోలు మీద పరిమితి తీసేశారు. 2024 జూన్‌లో జేపీ మోర్గాన్ అనే అమెరికా బ్యాంకు తన బాండ్ల సూచీలో మన బాండ్లను చేర్చడం మొదలుపెట్టింది. ఆ సూచీని అనుసరించే ఫండ్లు కొనక తప్పదు. అంతా కలిపినా కేంద్ర ప్రభుత్వ బాండ్లలో వాళ్ల వాటా వందకు మూడు రూపాయల దగ్గరే ఉంది. మూడో వంతుకు పైగా బ్యాంకుల దగ్గర, నాలుగో వంతు దాకా ఎల్ఐసీ లాంటి బీమా కంపెనీల దగ్గర, ఇంకొంత రిజర్వ్ బ్యాంకు, పీఎఫ్‌ల దగ్గర ఉంది. అంటే మాస్టారూ, ప్రభుత్వానికి అప్పిచ్చినవాళ్లలో మీరూ ఉన్నారు. మీ ఎఫ్‌డీ, మీ ఎల్ఐసీ పాలసీ, అన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరాయి. ఆ మూడు రూపాయలవాడు పోతాడేమోనని కంగారుపడుతున్నారు గానీ, పోలేని 97 రూపాయల వైపు మనం ఉన్నాం.

వాళ్లు పోతే ఏమవుతుందో ఊహించక్కర్లేదు. నేను సీట్లో కూర్చుని చూశాను. 2013 మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెర్నాంకీ, బాండ్లు కొని మార్కెట్లోకి డబ్బు వదలడం తగ్గించే ఆలోచన ఉందన్నట్టు మాట్లాడాడు. అంతే, మన బాండ్లలో ఉన్న విదేశీ డబ్బు వెనక్కి మళ్లింది. జూలై 15 సాయంత్రం నాకింకా గుర్తుంది. మార్కెట్ మూసేశాం, టీ తాగుతున్నాం, రిజర్వ్ బ్యాంకు ప్రకటన వచ్చింది. రూపాయిని కాపాడడానికి బ్యాంకులకిచ్చే అత్యవసర అప్పు రేటు 10.25 శాతానికి పెంచేశారు. మా డెస్కులో ఎవరూ మాట్లాడలేదు. ఒక కుర్రాడు కాలిక్యులేటర్ తీసి రేపు ఎంత నష్టమో వేసి చూసుకుని, మళ్లీ మూసేశాడు. మే నెలాఖరుకు 7.2 శాతం దగ్గరున్న పదేళ్ల బాండు రాబడి ఆగస్టులో 9 దాటింది. రాబడి పెరిగిందంటే బాండు ధర పడిందని. నూటికి పది రూపాయల పైనే పడింది. డాలరు 55 నుంచి ఆగస్టు 28న 68 దాటింది.

ఇంతా జరిగి, మీలాంటి డిపాజిటర్‌కు ఏమైంది? అసలు పోలేదు. వడ్డీ ఆగలేదు. సరిగ్గా ఆ నెలల్లో ఎఫ్‌డీ వేసినవాళ్లకు తొమ్మిది శాతం దొరికింది, వాళ్లు ఇప్పటికీ ఆ రేటు తలుచుకుంటారు. దెబ్బ వేరే దారిలో వచ్చింది. పెట్రోలు, పామాయిలు, ఎరువులు, అన్నీ డాలర్లలో వచ్చేవే. రూపాయి పడితే ఆరు నెలలు తిరక్కముందే కిరాణా కొట్లో, డీఏపీ బస్తా మీద తెలుస్తుంది. కంగారుగా అమ్ముకుని పోయిన విదేశీయుడూ నష్టపోయాడు. తక్కువ ధరకు బాండు అమ్మి, తక్కువ డాలర్లు పట్టుకుని పోయాడు. సొంత కరెన్సీ అప్పులో బయటివాడి చేతిలో ఉన్న కత్తి అంత పదునైనదేం కాదు.

అప్పిచ్చిన బయటివాడే ఎలా నష్టపోతాడో మనకు స్వయంగా తెలుసు, మనమే ఒకసారి ఆ స్థానంలో ఉన్నాం. రెండో ప్రపంచ యుద్ధానికి సరుకులు, మనుషులు ఇచ్చినందుకు బ్రిటన్ మనకు బాకీ పడింది. యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. ఆ సరుకుల కోసం ఇక్కడ నోట్లు అచ్చువేయడంతో యుద్ధకాలంలో మన ధరలు రెట్టింపు దాటాయి, అది వేరే ఏడుపు. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువను డాలరుతో పోల్చి 30.5 శాతం తగ్గించింది. మన దగ్గర మిగిలిన పౌండ్లతో అమెరికా యంత్రాలు కొందామంటే ఆ మేరకు తగ్గిపోయాయి. బ్రిటన్ అప్పు ఎగ్గొట్టలేదు. పౌండు లెక్కన పూర్తిగా కట్టింది.

అమెరికా సంగతీ అంతే. చైనా ట్రెజరీ బాండ్లు అమ్మేస్తే అమెరికా పని అయిపోతుందని నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. 2013లో 1.3 ట్రిలియన్ డాలర్లకు పైగా ఉన్న చైనా వాటా ఇప్పుడు 800 బిలియన్ల కిందికి వచ్చింది. జపాన్ ఇంకా 1.1 ట్రిలియన్ పైన పట్టుకుని కూర్చుంది. ఒకళ్లు దిగారు, ఇంకొకళ్లు ఎక్కారు. బస్సు ఆగలేదు. వడ్డీ ఖర్చు పెరిగిన మాట నిజమే, దానికి చైనా కంటే వాళ్ల సొంత లోటే ఎక్కువ కారణం.

ఇక మీ డబ్బుకు నిజంగా చిల్లు ఎక్కడుందో చెబుతాను. మన ధాన్యం లెక్కలోనే వేస్తాను. 2004–05లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 560 రూపాయలు. 2024–25లో 2,300. (కళ్లంలో ఆ ధర చేతికొచ్చిందా అని అడక్కండి, తేమ అని, తరుగు అని ఎంత పోతుందో మీకూ తెలుసు. లెక్కకు సర్కారు అంకెలే వాడుతున్నాను.) 2004లో లక్ష రూపాయలకు 75 కిలోల బస్తాలు 238 వచ్చేవి. అదే లక్ష బ్యాంకులో వేసి, వడ్డీ ఎప్పటికప్పుడు తీసుకుని ఖర్చుపెట్టుకున్నాడనుకోండి ఒకాయన. 2024లో ఆయన అసలు లక్ష అలాగే ఉంది. దానికి వచ్చే బస్తాలు 58. ఏ విదేశీయుడూ అమ్మలేదు, ఏ బ్యాంకూ మూతపడలేదు, 180 బస్తాలు మాయమయ్యాయి.

వడ్డీ ముట్టుకోకుండా 7 శాతం చొప్పున మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోయినాయనకు ఆ లక్ష 3 లక్షల 87 వేలయింది. 224 బస్తాలు వస్తాయి. అంటే ఇరవై ఏళ్ల వడ్డీ అంతా కలిసి మొదట ఉన్న చోటుకు కూడా చేర్చలేదు, దగ్గరికి తెచ్చిందంతే. పన్ను ఉంటే అదీ లేదు. ఈ లెక్క మా బ్రాంచికొచ్చే పెన్షనర్లకు కాగితం మీద వేసి చూపిస్తే, ఎక్కువమంది ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెంటనే అడిగేది ఒకటే: "మరి వడ్డీ ఎక్కువ ఇచ్చేది ఎక్కడండీ?"

అక్కడే జాగ్రత్త పడాలి. నేనే పడలేదు. 1990ల్లో బ్యాంకు ఉద్యోగంలో ఉండి, అన్నీ తెలుసనుకుని, నూటికి ఏడాదికి 20 ఇస్తానన్న ఒక ఫైనాన్స్ కంపెనీలో మా మావగారి చేత కూడా పెట్టించాను. పద్నాలుగు నెలలు వడ్డీ చెక్కులు ఠంచనుగా వచ్చాయి. పదిహేనో నెల ఆఫీసుకు వెళ్తే షట్టరుకు తాళం, బయట అరుగు మీద నాలాంటివాళ్లు పదిమంది. మావగారు నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. ధరలు ఆరు శాతం పెరిగితే కొనుగోలు శక్తి సగమవడానికి పన్నెండేళ్లు పడుతుంది. దాన్ని తప్పించుకుందామని వెళ్లి మేం పదిహేను నెలల్లో మొత్తం పోగొట్టుకున్నాం.

మీ బావమరిది గారి మాటకొస్తాను, ఆయన్ని కొట్టిపారేయడానికి లేదు. ధరలు పడడం మన డెల్టా చూసింది. 1929 తర్వాత రెండు మూడేళ్లలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర సగానికి దగ్గరగా పడిపోయింది. మా తాతగారి పెట్టెలో ఆ రోజుల నోటు ఒకటుంది, తిరిగి చెల్లించాక మధ్యలో చింపి ఇచ్చినది. ధాన్యం ధర బాగున్నప్పుడు గట్టు పొలం కొనడానికి చేసిన అప్పు. నోటు వెనక వడ్డీ జమలు రాసి ఉంటాయి, ఒక్కో జమకూ సిరా రంగు మారుతుంది, చేతిరాత మారుతుంది. నూరు బస్తాలు అమ్మితే తీరుతుందనుకున్న అప్పుకు రెండు వందల బస్తాలు అమ్మాల్సి వచ్చిందని మా నాన్నగారు చెప్పేవారు. శిస్తు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు, ధర ఒక్కటే తగ్గింది. 1931లో బ్రిటన్ బంగారం ప్రమాణం (పౌండుకు ఇంత బంగారం అన్న లెక్క) వదిలేశాక దేశం నలుమూలల నుంచీ ఇళ్లలోని బంగారం అమ్ముడై ఓడలెక్కింది. మా నాయనమ్మ కాసులపేరు కూడా అందులోనే పోయిందంటారు.

అంటే ధరలు పడినప్పుడు బతికేది అప్పు లేనివాడు, నమ్మకమైన చోట డబ్బున్నవాడు. ఊరికే డబ్బున్నవాడు కాదు. ఎందుకంటే ఆ రోజుల్లో అప్పులిచ్చిన షావుకార్లు కాగితం మీద బాగా లాభపడ్డారు. కట్టాల్సినవాడు కట్టలేకపోయాడు. చివరికి 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీ కొట్టేసింది, అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే అప్పు తీరినట్టే అంది. కాబట్టి ధరలు పడతాయని నమ్మి, మీ బావమరిది గారు నూటికి రెండు రూపాయల వడ్డీకి చేపల చెరువుల వాళ్లకు నోట్లు రాయించుకుంటుంటే మాత్రం, ఆయన సిద్ధాంతం ఆయనే మరిచిపోయారని చెప్పండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల టెన్షన్ చూశాం. చెరువు లీజు, మేత బాకీ అలాగే ఉన్నాయి, కౌంటు ధర ఒక్కటే దిగింది. ఒక్క సరుకు ధర పడితేనే అలా ఉంది.

దేశం మొత్తానికి జపాన్ పరిస్థితి వస్తుందా అంటే, నేను దాని మీద పందెం కట్టను. 2025 అక్టోబరులో రిటైల్ ధరల పెరుగుదల 0.25 శాతానికి వచ్చేసరికి వాట్సాప్‌లో అందరూ జపాన్ జపాన్ అన్నారు. కూరగాయలు, పప్పులు దిగొచ్చాయి, సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది, అందుకే ఆ అంకె. మీ మందుల బిల్లు తగ్గిందా? మనవరాలి స్కూలు ఫీజు తగ్గిందా? కానీ ఆ ఏడాదే రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. మీ ఎఫ్‌డీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు తగ్గిన రేటే రాస్తారు. వడ్డీ మీద బతికేవాడికి ధరలు పడడం కంటే ముందు తగిలే దెబ్బ అదే.

ఇప్పుడు మీ సంగతి. మీకు ముందే ఉన్న రెండు రక్షణలు మీ లెక్కలో లేవు. మొదటిది పెన్షన్. దాని మీద వచ్చే డీఆర్ (కరువు భృతి) ధరల సూచీని బట్టి పెరుగుతుంది. ఆలస్యంగా వస్తుంది, బకాయిలు పడుతుంది, అయినా అది బస్తాల కౌలే. నెలనెలా ఖర్చు దాంతో గడిచిపోతే ధరల భయం మీకు సగం తీరినట్టే. అది లేని ప్రైవేటు ఉద్యోగి ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే వేరే జవాబు ఇస్తాను. రెండోది మీ అబ్బాయి. అతని జీతం డాలర్లలో. రూపాయి పడిపోతుందని మీకు భయం చెబుతున్నవాడికే, రూపాయి పడితే ఇంటికి పంపే ప్రతి డాలరుకూ ఎక్కువొస్తుంది. కువైట్‌లో మనుషులున్న నరసాపురం, రాజోలు ఇళ్లలో ఈ లెక్క ఆడవాళ్లకు నోటికొచ్చు. లేని రక్షణ మీ ఇంటావిడ గారిది. మీ తర్వాత వచ్చే ఫ్యామిలీ పెన్షన్ బాగా తగ్గుతుంది. ఆ 38 లక్షలు ముఖ్యంగా ఆవిడ కోసమని అనుకుని సర్దండి.

నేనైతే ఎలా సర్దుతానంటే, మూడు లక్షలు సేవింగ్స్‌లోనూ చిన్న ఎఫ్‌డీలోనూ ఉంచేస్తాను, ఆసుపత్రికని. పదిహేను లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో. 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 చేతికొస్తుంది, అయిదేళ్లు ఆ రేటు మారదు. ముప్పై లక్షల దాకా అనుమతి ఉంది గానీ మొత్తం డబ్బు కౌలులోనే పెట్టడం నాకిష్టం లేదు. ఆరు లక్షలు రిజర్వ్ బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండ్లలో. ఏడేళ్ల గడువు, జనవరి ఒకటికీ జూలై ఒకటికీ రేటు మారుతుంది, పోస్టాఫీసు పొదుపు పత్రం ఎన్‌ఎస్‌సీ రేటు కంటే 0.35 శాతం ఎక్కువ. ధరలు ఎగిసి వడ్డీలు పెరిగితే ఇది కూడా పెరుగుతుంది. మీ వయసువాళ్లకు గడువు కంటే ముందు తీసుకునే వీలూ ఉంది, కొంత వడ్డీ కోసుకుంటారు.

అయిదు లక్షలకు నేరుగా ప్రభుత్వ దీర్ఘకాల బాండే కొంటాను. 2021 నవంబరులో మొదలైన ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో పది వేల నుంచి కొనొచ్చు, కమీషన్ లేదు. మీ బావమరిది గారి మాట నిజమై వడ్డీలు మూడు, నాలుగు శాతానికి దిగిపోయిన రోజున ముప్పై ఏళ్లకు ఇవాళ్టి రేటు కట్టించుకున్న ఈ బాండే ఇంటిని నిలబెడుతుంది. మధ్యలో అమ్మే పని పెట్టుకోకూడదు, 2013 లాంటి ఏడాదిలో అమ్మితే నష్టం. ధరలకు తగ్గట్టు పెరిగే బాండ్లు కూడా 2013 డిసెంబరులో మనలాంటివాళ్ల కోసమే తెచ్చారు, ధరల సూచీ మీద ఒకటిన్నర శాతం. జనం పట్టించుకోలేదు, మళ్లీ తేలేదు. అవి ఉండి ఉంటే నేను ఇంత పొడుగు జవాబు రాసేవాణ్ని కాదు.

అయిదు లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఫండ్), ఒకేసారి కాదు, రెండేళ్లు నెలనెలా. పదేళ్లు తీయను అనుకుంటేనే. రాత్రి నిద్ర పట్టదనుకుంటే ఇది మానేసి ఫ్లోటింగ్ బాండ్లలో కలపండి, తప్పేమీ లేదు.

మిగిలిన నాలుగు లక్షలు బంగారం. నగలు కాదు, తరుగు మజూరీ కిందే ఎంతో పోతుంది. 2015 నవంబరులో మొదటి విడత సార్వభౌమ పసిడి బాండ్లు గ్రాము 2,684కు ఇచ్చారు, 2023 నవంబరులో 6,132 చొప్పున తిరిగిచ్చారు, ఏటా వడ్డీ అదనం. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి ఇవ్వలేదు, కాబట్టి షేర్లలాగా కొని అమ్ముకునే బంగారం ఫండ్, గోల్డ్ ఈటీఎఫ్ చాలు. మొత్తం బంగారంలో పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, పెరిగినన్నాళ్లే అది బంగారం. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లున్నది 2001కి 255 దాకా దిగింది. ఇరవై ఏళ్లు ఎదురుచూడడానికి నాకూ మీకూ వయసు లేదు. ఇప్పటి ధర చూసి ఆశపడేవాళ్లకు ఇది రుచించదని తెలుసు.

స్థలం విషయం. బస్తాల కౌలు వచ్చే మాగాణి అయితే కొంచెం ఆలోచించేవాణ్ని. లేఅవుట్ ప్లాటు కౌలు తేదు, పంట తేదు, ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన రోజున అమ్ముడుపోదు. మీ ఇంటావిడ గారు ఒంటరిగా దాన్ని అమ్మగలరా అని ఒకసారి ఆవిడనే అడగండి.

ఎఫ్‌డీ మొత్తం ఒకే బ్యాంకులో ఉంటే ఒక్క మాట. డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో అయిదు లక్షలే, వడ్డీతో కలిపి. పెద్ద ప్రభుత్వ బ్యాంకైతే నేను దాని గురించి కలవరపడను. అర్బన్ కోఆపరేటివ్ అయితే మాత్రం ఈ నెలలోనే సర్దేయండి. ఎఫ్‌డీ మధ్యలో విరిచేస్తే ఒక శాతం దాకా కోత పడుతుంది, గడువు దగ్గర్లో ఉన్నవి పూర్తయ్యాకే కదపండి. సీనియర్ స్కీముకు 60 దాటినవాళ్లకు రిటైరైన ఇన్ని నెలల్లోపే చేరాలన్న షరతు లేదు, కంగారు లేదు. ఫారం నింపేటప్పుడు నామినీ గడిలో ఆవిడ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. ఇంటి పేరు ముందో వెనకో మారిందని కౌంటర్ దగ్గర తిరిగి తిరిగి అలిసిపోయిన ఆడవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను.